చక్రకంపనము

క్రొత్త టైర్లు వేయించుకొని నాగర్‌కర్నూలున బయలుదేరి, బిజినేపల్లి మీదుగా వనపర్తి వరకు నిమ్మళముగా నడచిన కారు, పెబ్బేరు వద్ద 44వ జాతీయ రహదారి నెక్కి వేగము 80 కిలోమీటర్లు దాటినంతనే, బీచుపల్లి కృష్ణవంతెన కనబడక మునుపే, స్టీరింగును గజగజ వణకింప మొదలిడినచో, యజమాని మనస్సున ముందుగా కలుగునది తాను మోసపోయితి నను భావమే. ఆ తీర్పునకు తొందరపడరాదు. వణుకు ఎప్పుడు, ఎచ్చట, ఎంత వేగమున పుట్టుచున్నదో ఓపికతో గమనించువానికి అది తన మూలమును తానే తెలుపును.

14 అంగుళముల రిమ్ముగల చక్రము గంటకు 100 కిలోమీటర్ల వేగమున సెకనుకు సుమారు 15 మారులు తిరుగును. ఆ రిమ్ము అంచున ఒకవైపు 30 గ్రాములు ఎక్కువైనచో, అది సుమారు 5 కిలోల బరువునకు సమానమగు బలముతో చక్రమును అన్ని దిక్కులకు ఈడ్చును. వేగము సగమైనచో ఆ బలము నాలుగవవంతునకు దిగును. వనపర్తి వీధులలో అణగియున్న దోషము రహదారిపై బయటపడుటకు కారణ మిదియే.

స్టీరింగు వణకిన ముందు చక్రములను, సీటు అదరిన వెనుక చక్రములను అనుమానింపవలెను. బ్రేకు త్రొక్కినప్పుడు మాత్రమే అదరినచో డిస్కులను, బజారులో మెల్లగా పోవునప్పుడే బండి ఊగినచో వంగిన రిమ్మును గాని, సరిగా కూర్చొనని టైరును గాని పరికింపవలెను. బండి ఒక ప్రక్కకు లాగుట అలైన్‌మెంటు సంగతి. దానిని సరిచేయించినంత మాత్రమున ఈ వణుకు పోదు.

నిపుణుడైన మెకానిక్కు చక్రమును బ్యాలెన్సింగ్ యంత్రమున కెక్కించుటకు ముందే, రిమ్ము లోపల ఎండి అంటుకొనిన మట్టిని గీకి, పాత సీసపు ముక్కల నూడదీసి, హబ్బుపైని తుప్పు తుడిచివేయును. యంత్రము చూపినచోట క్రొత్త ముక్క నతికి, సున్న కనబడువరకు మరల మరల త్రిప్పి, నట్లను వరుసగా గాక ఎదురెదురుగా బిగించును. అప్పటికిని వణుకు తీరనిచో, ముందు చక్రములను వెనుకకు మార్చి అదే బాటను అదే వేగమున పోయి చూచును. స్టీరింగు కుదుటపడి సీటు అదరినచో, దోషము ఆ చక్రములతోనే కదలినదని తేటపడును. ఒకసారి కొకటే మార్చి చూచు ఈ క్రమమును విడిచి, డిస్కులు, షాకబ్సార్బర్లు అన్నియు ఒక్కమారే మార్చినవాడు ధనము పోగొట్టుకొనుటయే గాక, దోషమెక్కడ నుండెనో ఎన్నటికి నెరుగడు.

ఎర్రవల్లి చౌరస్తా దాటి గద్వాల చేరవలసినవారి ప్రాణములు ఆ నాలుగు చక్రములపైననే యున్నవి కావున, యంత్రముపై సున్న పడువరకు ప్రక్కన నిలిచి చూచుటకును, సందేహము తోచినచో మరల త్రిప్పుమని అడుగుటకును కారు యజమాని ఎన్నడును మొగమాటపడరాదు.