సంకల్పం – త్యాగం : నూతన సంస్థాపకుని కళాధర్మం

కవి శబ్దానికి క్రాంతదర్శి అని పెద్దలు అర్థం చెప్పారు. ఇతరుల చూపు ఆగిన చోటికి ఆవల చూడగలిగినవాడే కవి. లేనిదానిని ముందు మనస్సులో దర్శించి, పిదప ద్రవ్యంలో రూపుకట్టించే శిల్పికీ ఈ అర్థం వర్తిస్తుంది. స్టార్టప్‌ల స్థాపకులను నేటి లోకం కళాకారులతో పోలుస్తున్నది. వారికి స్వతంత్ర దర్శనం ఉన్నదనీ, సభలను కదిలించే వాక్కు ఉన్నదనీ కీర్తిస్తున్నది. పసుపు పండే పోచంపాడ్, ఆర్మూర్ ప్రాంతాల యువతకూ ఈ మాట కొత్త కాదు. కనుక ఈ పోలిక ఎంతవరకు నిలుస్తుందో విచారించాలి.

వైదిక కర్మకు ఆది సంకల్పం. యజమాని దేశకాలాలను, గోత్రనామాలను, ప్రయోజనాన్ని పదిమంది వినగా ఉచ్చరిస్తాడు. ఉచ్చరించిన పిదప మధ్యలో విడువరాదు. అనంతరం ప్రతి ఆహుతితోనూ ఇది నాది కాదని పలుకుతాడు. అదే త్యాగం. మొదటి వాక్కు నిలిచి రెండవది లోపిస్తే యజ్ఞం ఆత్మస్తుతిగా మారుతుంది. సంస్థాపకునికీ ఇదే పరీక్ష.

ఇందుకు తెలంగాణలోనే ఒక నిదర్శనం ఉన్నది. ఆలేరు సమీపాన శారాజీపేటలో చేనేత కుటుంబాన జన్మించిన చింతకింది మల్లేశం బాల్యంలోనే బడి మానవలసి వచ్చింది. పోచంపల్లి చీర నేయడానికి ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో నిలిపిన మేకుల చుట్టూ దారాన్ని తిప్పుతూ, ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చేయి ఆడించాలి. తల్లి లక్ష్మి భుజాల నొప్పి ఆయన కంటికి నిత్యదృశ్యం. అందరూ విధి అని సహించిన ఆ బాధలో ఆయన ఒక యంత్రాన్ని దర్శించారు. అప్పులు, అపహాస్యం, వరుస వైఫల్యాలు దాటి 1999లో అది సిద్ధించింది. దానికి ఆయన పెట్టిన పేరు లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ వరించింది. 2019లో ఆయన జీవితం చలనచిత్రమైంది.

ఇక్కడ వాక్కు కంటే ముందు కరుణ ఉన్నది, కీర్తి కంటే ముందు సిద్ధి ఉన్నది. తన సృష్టి మీద తన పేరుకు బదులు తల్లి పేరు నిలపడం త్యాగవాక్యంతో సమానం. ఆయన పేటెంటు కూడా పొందారు కదా అని ఎవరైనా శంకించవచ్చు. శ్రమఫలాన్ని రక్షించుకోవడం గృహస్థధర్మమే; నేనే కర్తనన్న భావం మాత్రమే బంధహేతువు.

పోచంపాడ్ వద్ద గోదావరికి ఆనకట్ట కట్టేందుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. నిజామాబాద్ కేంద్రంగా 2025లో జాతీయ పసుపు బోర్డు ఆరంభమైంది. నీరున్నది, పంట ఉన్నది, సంస్థ ఉన్నది. పసుపును తవ్వి, కొమ్ములు విరిచి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టే చేతులూ ఉన్నాయి. వంగిన ఆ నడుములను, ఆవిరికి కమిలిన ఆ వేళ్లను చూసినవాని సంకల్పమే ఇక్కడ కళ అవుతుంది. వేదిక ఎక్కి తన దర్శనాన్ని చాటదలచిన యువకుడు ముందుగా తనను తాను ప్రశ్నించుకోవాలి: ఈ పని ఎవరి నొప్పి నుండి పుట్టింది? సిద్ధించిన నాడు దీనికి ఎవరి పేరు పెడతాను?

స్వస్తి.