యాభై ఆరు గీతలు

పటాన్‌చెరు దాటి ముంబై రహదారి మీద ముత్తంగి చేరేసరికి రింగు రోడ్డు దిగిన లారీలు బారులు తీరి కనిపిస్తాయి. ఇనుప చువ్వలతో ఒకటి, రసాయనాల డ్రమ్ములతో ఇంకొకటి. సరుకు ఏదైనా ధర్మకాంటా ఎక్కక తప్పదు. లారీ కాంటా మీదికి రాగానే లోపలి గదిలో ఎర్రటి అంకెలు చకచకా మారి ఒకచోట నిలుస్తాయి. ఆ అంకెలు వెలగకపోతే బాగుచేసే పెద్దమనిషి ఒకాయన ఇక్కడున్నాడని తెలిసి, నాన్న కాలిక్యులేటర్ సంచిలో పెట్టుకుని వచ్చాను.

నాన్న పటాన్‌చెరు పారిశ్రామికవాడలోనే ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో గుమాస్తా. నెలాఖరుకి లెడ్జర్లు ఇంటికి తెచ్చుకునేవారు. కరెంటు పోతే కిరసనాయిలు దీపం పక్కన కూర్చుని లెక్కలు చూసేవారు. ఆ చీకట్లో కాలిక్యులేటర్ అంకెలు నీలం కలిసిన ఆకుపచ్చగా మెరిసేవి. స్విచ్ వేయగానే ఆయన వరసగా ఎనిమిదులు కొట్టేవారు. గడి నిండాక ఒక్క క్షణం తేరిపార చూసి, చెరిపేసి, అప్పుడు లెక్కలోకి దిగేవారు. శ్రీకారం చుట్టడం లాంటిదేమో అనుకునేవాణ్ణి. ఎందుకని ఏనాడూ అడగలేదు. ఆయన పోయిన చాన్నాళ్లకు ట్రంకు పెట్టె అడుగున అది దొరికింది.

రహదారికి నాలుగడుగుల లోపల రేకుల షెడ్డు. బల్ల నిండా విప్పిన కాంటా ఇండికేటర్లు, సోల్డరు తీగ చుట్టలు. గోడ అరలో మాత్రం వేరే సంసారం: పాత కాలిక్యులేటర్లు పాతికదాకా ఉన్నాయి. తుక్కు దుకాణాల్లో కిలోల లెక్కన కొని తెచ్చినవట. డెబ్బై దాటిన ఆ పెద్దాయన ఒక్కొక్కటీ తుడిచి చేతికిచ్చాడు. "తుక్కుల పోతే పలగ్గొట్టుడే తమ్మీ. దీన్ల ఇంకా పానముంది," అన్నాడు.

జేబులో పట్టే లెక్కల యంత్రం చరిత్ర అంత పాతదేమీ కాదు. 1967లో అమెరికాలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో జాక్ కిల్బీ బృందం చేతిలో ఇమిడే నమూనా తయారుచేసింది. దానికి వెలిగే అంకెలు లేవు, జవాబు కాగితం మీద అచ్చయ్యేది. 1971లో జపాను బిజికామ్ సంస్థ ఎర్రటి ఎల్‌ఈడీ అంకెలతో జేబు కాలిక్యులేటర్ తెచ్చింది. మరుసటి ఏడు వచ్చిన హెచ్‌పీ-35 స్లైడ్ రూల్‌ను, లాగ్ పుస్తకాన్ని పక్కన పెట్టించింది. వెల 395 డాలర్లు, అప్పటి మారకంలో దాదాపు 3 వేల రూపాయలు.

పెద్దాయన ఒక ఎర్ర అంకెల యంత్రం వెలిగించి భూతద్దం ఇచ్చాడు. వెలుగు ఖరీదైన రోజులవి. అంకె పెద్దదైతే సెల్ తొందరగా అయిపోతుంది. అందుకని అంకెను బియ్యపు గింజంత చేసి, దాని మీద ప్లాస్టిక్ బుడగ అద్దాన్ని పొదిగారు. పక్కపక్కనే ఒదిగిన ఆ బుడగల్ని చూస్తే భద్రాద్రి రాముడికి సోమవారం తొడిగే ముత్యాల అంగీ, ఆ ముత్తంగి, గుర్తొచ్చింది.

తర్వాత లైటు ఆర్పి, దాన్ని గాల్లో అటూ ఇటూ ఊపాడు. నిలకడగా కనిపించిన అంకెలు విడివిడి ఎర్ర మరకలై చెదిరిపోయాయి. నిజానికి అన్ని అంకెలూ ఒకేసారి వెలగవు. ఒకదాని తర్వాత ఒకటి, కంటికి అందనంత వేగంగా వంతులవారీగా వెలుగుతాయి. సెల్ మీదా, తీగల మీదా భారం తగ్గించడానికే ఆ ఏర్పాటు.

ఇక నాన్నది విప్పాడు. దాని అంకెలున్నది గాజు గొట్టంలో. లోపల గాలి ఉండదు. వెంట్రుక కన్నా సన్నటి తీగలు వేడెక్కి ఎలక్ట్రాన్లను వదిలితే, అవి పూత పూసిన గీతలకు తగిలి ఆకుపచ్చ వెలుగు పుడుతుంది. గాజు మూలలో అద్దంలా మెరిసే నల్ల మచ్చను వేలితో చూపించి, "ఇది తెల్లబడ్డదంటే గాలి సొచ్చినట్టు. అప్పుడు నేనేం జెయ్యలేను. మీ నాయినది మంచిగుంది," అన్నాడు.

స్ప్రింగుల చుట్టూ సెల్ కారిన తెల్లటి పొడి గట్టిపడి ఉంది. అది క్షారం, పులుపు దాన్ని విరిచేస్తుంది. నిమ్మరసంలో ముంచిన దూదితో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చాడు. కొత్త సెల్స్ నాలుగు వేసి స్విచ్ జరపగానే మూలన ఆకుపచ్చ సున్నా పుట్టింది. వెంటనే ఎనిమిది నొక్కాడు. మళ్ళీ సున్నాయే వచ్చింది. ఎనిమిది సార్లు నొక్కితే ఎనిమిది సున్నాలు.

నా మొహం చూసి నవ్వాడు. "నడిమి గీత వస్తలేదు. ఒక్క అంకెల పోతే గాజు లోపటి రోగం. అన్నిట్ల ఒక్కతీరుగ పోయిందంటే బయట టాంకా ఊడింది." ఆ గీతకు కరెంటు మోసే కాలు అన్ని అంకెలకూ ఉమ్మడిదే. వెతికి పట్టుకుని, వేడి మొన ఒక్క క్షణం ఆనించాడు. సన్నటి పొగ లేచింది. సున్నాల నడుమ ఎనిమిది గీతలు ఒక్కసారిగా వెలిగి, గడి నిండా ఎనిమిదులు నిలిచాయి.

"మీ నాయిన ఎనిమిదులెందుకు కొడుతుండెనో ఎర్కేనా? అంకెకు ఏడు గీతలు. ఎనిమిది అంకెలకు యాభై ఆరు. ఎనిమిది కొడితెనే అన్నీ ఎలుగుతయ్. ఒక్కటి రాకున్నా దొరికిపోతది. ధర్మకాంటల ఎనిమిదికి నడిమి గీత పోతే 28 టన్నులు 20 అయితయ్. అందుకే స్విచ్ ఎయ్యంగనే ముందు అన్ని గీతలు ఎలిగిచ్చి చూస్తం."

చాలాసేపు మాట రాలేదు. స్టోర్స్ లెక్క తప్పితే దాని కింద ఎవరో ఒక చిన్న ఉద్యోగి జీతంలో కోత పడేది. మరొకరి మీద నింద పడకుండా, యంత్రం నిజం చెబుతోందా లేదా అని నాన్న ప్రతిసారీ ముందు దాన్నే పరీక్షించేవారన్నమాట.

1973లో షార్ప్ సంస్థ ఎల్‌సీడీ అంకెలతో తెచ్చిన యంత్రం ఒక్క చిన్న సెల్‌తో 100 గంటలు నడిచింది. సొంత వెలుగు లేని ఆ అంకెల పొదుపు ముందు వెలిగే అంకెలు జేబుల్లోంచి వెళ్లిపోయాయి, కాంటాల్లో మిగిలాయి. మీ ఇంట్లో, అటక మీద అలాంటిది ఒకటి ఉంటే తుక్కుకు వేయకండి. ముందు సెల్స్ తీసేయండి. చాలావాటికి జబ్బు అక్కడే ఉంటుంది.

ఎంతివ్వాలని అడిగాను. పనికి 150, సెల్స్‌కు 60 అన్నాడు. కాలిక్యులేటర్ అందుకుని ముందు ఎనిమిదులు నింపాను. యాభై ఆరు గీతలూ చూసుకున్నాను. చెరిపి, కూడి చూశాను. 210. పెద్దాయన కళ్లద్దాలు సర్దుకుని వంగి చూసి, సరిగ్గుంది అన్నట్టు తలూపాడు.