అవుట్‌డోర్‌కి గాలాడాలి

చలికాలం దగ్గరపడుతోందంటే చాలు, బోస్టన్ చుట్టుపక్కల మనవాళ్లు ఏ పుట్టినరోజుకో వ్రతానికో కలిసినచోట ఈ మధ్య ఒక ప్రశ్న తప్పకుండా వస్తోంది. "హీట్ పంపు పెట్టించారట కదండీ, నిజంగా ఇల్లు వేడెక్కుతుందా?" అని. వేడెక్కుతుంది. ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. అయితే దాన్ని చూసుకునే పద్ధతి ఒకటుంది. అది తెలియకపోతే మంచి యంత్రానికి కూడా చెడ్డపేరు వస్తుంది.

అమలాపురంలో ఏసీ ఉన్న ఏ ఇంటి డాబా అయినా ఎక్కి చూడండి. కింద గది చల్లబడుతుంటే పైన అవుట్‌డోర్ యూనిట్ వేడిగాలి కొడుతూ ఉంటుంది. గదిలోని వేడిని బయటికి మోసుకుపోవడమే దాని పని. హీట్ పంపు కూడా అదే యంత్రం. కాకపోతే అందులో దారి మళ్లించే వాల్వు ఒకటి అదనంగా ఉంటుంది. చలికాలంలో ఆ వాల్వు తిరిగి, బయటి వేడిని లోపలికి తెస్తుంది. మంచు పడుతుంటే బయట వేడెక్కడిది అని అడుగుతారు. ఇప్పటి చాలా ఏసీల్లో వాడే ఆర్-32 అనే రిఫ్రిజరెంట్, మామూలు గాలి ఒత్తిడిలో మైనస్ 52 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరైపోతుంది. అలాంటిదానికి మైనస్ 10 డిగ్రీల గాలి కూడా వెచ్చనే. ఆ గాలిలోని వేడిని పీల్చుకున్న ఆవిరిని కంప్రెసర్ నొక్కిపెడుతుంది, అది బాగా వేడెక్కుతుంది, ఆ వేడి గదిలోకి వస్తుంది. ఓ మాదిరి చలిలో ఒక యూనిట్ కరెంటుకి దాదాపు 3 యూనిట్ల వేడి దక్కుతుంది. చలి ముదిరేకొద్దీ అది రెండుకి, ఇంకా కిందకి దిగుతుంది.

గ్యాస్ వదిలి దీనికి ఎందుకు మారామో చెప్పాలి. నేను రాజోలు వైపువాణ్ణి. 1995 జనవరిలో పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండింది. చుట్టుపక్కల జనం ఇళ్లు వదిలి పోవాల్సివచ్చింది. పాశర్లపూడి ఉన్న మామిడికుదురు మండలంలోనే 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ పైపులైన్ పేలి 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. గ్యాస్ వెనక ఎంత ప్రమాదం, ఎవరి గుండెకోత ఉంటుందో మా ప్రాంతం వాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే బోస్టన్ దగ్గర మా ఇంటి బేస్‌మెంట్‌లోని ఫర్నేసు పాతబడి మార్చాల్సివచ్చినప్పుడు మళ్లీ గ్యాస్‌ది పెట్టించబుద్ధి కాలేదు. ఇక్కడి కరెంటులో సగం దాకా గ్యాస్‌తోనే తయారవుతుందన్న మాట నిజమే. అయినా అదే గ్యాస్‌ని ఇంట్లో మండించడం కంటే, దాంతో కరెంటు తీసి హీట్ పంపు నడిపితే సాధారణంగా ఎక్కువ వేడి వస్తుంది.

డబ్బు సంగతి కూడా దాచకుండా చెప్పాలి. మసాచుసెట్స్‌లో కరెంటు ధర ఎక్కువ. ఆయిల్‌తోనో, మామూలు కరెంటు హీటర్లతోనో ఇల్లు వేడిచేసుకునేవాళ్లకి ఖర్చు తగ్గే అవకాశం ఎక్కువ. గ్యాస్ ఉన్నవాళ్లకి బిల్లు తగ్గకపోవచ్చు. హీట్ పంపుకి ఇచ్చే ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబర్‌తో ముగిసింది. లెక్క వేసుకునే దిగాలి.

2023 ఫిబ్రవరి 4న బోస్టన్‌లో ఉష్ణోగ్రత మైనస్ 23 డిగ్రీలకు పడిపోయింది. అంతటి చలి ఇక్కడ 1957 తర్వాత అదే. ఆ రోజూ మా హీట్ పంపు ఆగలేదు. అలాంటి చలికి తట్టుకునే రకం అడిగి మరీ పెట్టించాం. కొనేటప్పుడు అన్నిటికంటే ముందు అడగాల్సింది అదే.

చలికాలంలో అవుట్‌డోర్ కాయిల్ మీద తెల్లగా నూగు మంచు పడుతుంది. అది పేరుకుంటే యంత్రం తనంతట తనే కాసేపు వెనక్కి తిరిగి కాయిల్‌ని వేడి చేసుకుంటుంది. ఫ్యాన్ ఆగుతుంది, బుస్సుమని చప్పుడు, ఆ వెంటనే తెల్లటి ఆవిరి గుప్పున లేస్తుంది. రాజోలు నుంచి వచ్చిన అమ్మ మొదటిసారి అది చూసి, "ఒరే, అంటుకుందిరా!" అని కేకేసింది. అంటుకోలేదు, డీఫ్రాస్ట్ అవుతోంది. కొద్ది నిమిషాల్లో నీళ్లు కిందకి కారిపోయి మళ్లీ మామూలైపోతుంది. ఆ నీళ్లు అక్కడే గడ్డకట్టకుండా, మంచు ఎంత పడినా మునగకుండా యూనిట్‌ని ఎత్తయిన స్టాండు మీద పెట్టించాలి. చూరు నీళ్లు దానిమీద పడకూడదు. చుట్టూ పేరుకున్న మంచుని చీపురుతో తుడవాలి. గడ్డకట్టినదాన్ని పారతోనో చాకుతోనో పొడిస్తే రేకులు వంగి గొట్టానికి చిల్లుపడుతుంది. చలికి కాపాడుతున్నామని టార్పాలిన్ కప్పకూడదు.

లోపలి సంగతి మన వంటిళ్లకి మరీ ముఖ్యం. రోజూ పోపు పెట్టే ఇంట్లో, గోడమీది యూనిట్ ఫిల్టరు మీద నూనె జిడ్డు, దానిమీద దుమ్ము పట్టి బిరుసెక్కుతుంది. నెలకోసారి తీసి గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. ఇంకొకటి, ఇది ఫర్నేసులా సెగ కొట్టదు. మెల్లగా, ఆగకుండా వెచ్చదనం ఇస్తూ ఉంటుంది. రాత్రి బాగా తగ్గించి పొద్దున్నే ఒక్కసారిగా పెంచితే, అదనపు హీటర్ ఉన్న ఇళ్లలో అది వెలిగి కరెంటు గుంజేస్తుంది. ఒక అంకె మీద పెట్టి వదిలెయ్యడమే మేలు.

పోయిన ఎండాకాలం ఊరెళ్లినప్పుడు అమ్మ గదిలో ఏసీ చల్లబడకపోతే మెకానిక్‌ని పిలిచాం. అవుట్‌డోర్ మూత విప్పితే కాయిల్ రేకులు వేలు తగిలిన చోటల్లా తెల్లటి పొడిగా రాలిపోయాయి. "ఆయ్, సముద్రం గాలండి. ఉప్పు పట్టేస్తాది. మంచినీళ్లతో కడుగుతా ఉంటే ఇంకొన్నేళ్లొస్తాదండి. అయినా ఇలా మూల్లో ఇరికించేత్తే ఎలాగండి, అవుట్‌డోర్‌కి గాలాడాలండి," అన్నాడు. అక్కడ ఉప్పు, ఇక్కడ మంచు. రెండు చోట్లా కాయిల్‌కి గాలి తగలనివ్వకపోవడమే చేటు.

అంతర్వేది నుంచి ఓడలరేవు దాకా తీరం ఊళ్లల్లో ఇల్లు కట్టుకునేవాళ్లు ప్లాను గీయించేటప్పుడే అవుట్‌డోర్‌కి చోటు చూడాలి. సముద్రం గాలి నేరుగా కొట్టని వైపు, చుట్టూ ఖాళీ ఉండేలా, కడగడానికి మనిషి నిలబడగలిగేలా ఉండాలి. తుప్పు పట్టకుండా పూత వేసిన కాయిల్ ఉందా అని కొట్లో అడగాలి. కరెంటు ఆపేసి, పైపు నీళ్లతో మెల్లగా కడగాలి. ఏడాదికోసారి "గ్యాస్ అయిపోయింది, నింపాలి" అనే మాటని మాత్రం నమ్మొద్దు. ఏసీలోని గ్యాస్ వాడితే అయిపోయేది కాదు. తగ్గిందంటే ఎక్కడో లీకుంది. ముందు అది మూయించాలి.

నిప్పు వెలిగించకుండా చలిలో పెద్దవాళ్లని వెచ్చగా, ఎండల్లో చల్లగా ఉంచే యంత్రం మన ఇళ్లలోకి వచ్చింది. వారానికోసారి దాని చుట్టూ తిరిగి, ఆకులో మంచో మట్టో అడ్డం ఉంటే తీసెయ్యడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఈ పని పిల్లలకి కూడా నేర్పండి.