డ్రీమ్ లేక్ దాకా

రాకీ మౌంటెన్ నేషనల్ పార్కు పటం ముందేసుకుని, నాన్నగారికి ఏ బాట సరిపోతుందా అని ముందురోజు రాత్రి చాలాసేపు లెక్కలు కట్టాను. అన్నీ మైళ్ళ లెక్కలే. బేర్ లేక్ నుంచి నింఫ్, డ్రీమ్ సరస్సుల మీదుగా ఎమరాల్డ్ లేక్‌కు 1.8 మైళ్ళు. ఎక్కవలసినది ఏడువందల అడుగుల లోపే. అలిపిరి నుంచి 3,550 మెట్లూ ఎక్కి తిరుమల చేరిన మనిషికి ఇదొక నడకా అనుకున్నాను. (ఆయన ఆ మెట్లెక్కి ఇరవయ్యేళ్ళయిందన్న సంగతి ఎందుకో స్ఫురించలేదు.)

బాట మొదలయ్యే చోటే 9,475 అడుగుల ఎత్తు. ఆ అంకె పటంలో ఉంది, చూశాను కూడా, ఊరి పేరు చూసినట్టు! మేము డెన్వర్‌లో విమానం దిగి ఒక్కరోజే అయింది.

నింఫ్ లేక్ వరకూ ఆయన కబుర్లు చెబుతూనే నడిచారు. ఆ తర్వాత కబుర్లు ఆగిపోయాయి. డ్రీమ్ లేక్ ఒడ్డున ఒక బండ మీద కూర్చుని, "నువ్వెళ్ళి చూసిరా, నేనిక్కడే ఉంటాను" అన్నారు. తలనొప్పిగా ఉందా అంటే లేదన్నారు. చెయ్యి మాత్రం నుదుటి మీద నుంచి తియ్యలేదు.

ఎమరాల్డ్ లేక్ ఇంకా ముప్పావు మైలైనా లేదు. వెళ్ళాలనే ఉంది, అబద్ధమెందుకు. కానీ ఎత్తువల్ల వచ్చే తలనొప్పితో ఇంకా పైకి పోకూడదు. తగ్గకపోతే దిగడమే దానికి మందు. వేసవి మధ్యాహ్నాల్లో అక్కడ పిడుగుల భయం కూడా ఉంది. మెల్లగా దిగివచ్చాం.

ఆ సాయంత్రం ఎస్టెస్ పార్కులో కాఫీ తాగుతూ, "రేపటిది నేను చూస్తానులే" అని పటం తన వైపు తిప్పుకున్నారు. కళ్ళజోడు సర్దుకుని, స్ప్రేగ్ లేక్ చుట్టూ ఉన్న చదును బాట మీద వేలు పెట్టారు.