గ్లాసెడు అనంతం

భంగాకుకు సంస్కృతంలో "విజయ" అని పేరు. దేనిమీద విజయమో ఆ పేరు చెప్పదు. మొక్క ఒక్కటే. ఆడమొక్క పూలకంకులు గంజాయి, జిగురు చరస్, ఆకు భంగు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కంకుల్నీ జిగురునీ నిషేధించింది. కంకులతో కలవని ఆకునీ, గింజనీ మాత్రం గంజాయి నిర్వచనం నుంచి తప్పించి రాష్ట్రాల ఆబ్కారీ చట్టాలకు వదిలేసింది. శివుడికి ప్రీతిపాత్రమని తరతరాలుగా చెప్పుకునే ఆకును పూర్తిగా నేరంగా చేయడానికి చట్టానికి మనసొప్పలేదేమో!

ఆ ఆకుతో నా పరిచయం ఉస్మాన్‌గంజ్‌లో జరిగింది. 1990లలో నేనక్కడ ఒక టోకు కిరాణా గద్దీలో పద్దులు రాసేవాడిని. బేగంబజారుకు ఆనుకొని ఉన్న ఆ వీధుల్లో తెల్లవారినప్పటి నుంచీ హమాలీల కేకలు, తోపుడుబండ్ల చప్పుడు, గోనె సంచుల దుమ్ము. మిరపకాయల బస్తా విప్పితే వీధి వీధంతా తుమ్మేది. మా సేఠ్‌గారి పూర్వులు మార్వాడ్ నుంచి వచ్చినవారు. వారింట్లో వంట చేసే వృద్ధుణ్ణి అందరం "మహారాజ్" అని పిలిచేవాళ్ళం. ఏడాదికి ఒక్కసారి, హోళీనాడు, ఆయన భంగు నూరేవాడు. తక్కిన రోజుల్లో ఎవరెంత బతిమాలినా ఆ సన్నికల్లు దగ్గరకు కూడా రానిచ్చేవాడు కాదు.

1996 హోళీకి నాకూ ఒక చిన్న గ్లాసు దక్కింది. ఆకును కడిగి, ఉడికించి, పిండి, బాదం, గసగసాలు, సోంపు, మిరియాలతో మెత్తగా నూరి, పాలలో కలిపి గుడ్డతో వడగట్టడం ఉదయమంతా చూస్తూ కూర్చున్నాను. ఆయన భోలేనాథుడి పేరు చెప్పి నేలమీద నాలుగు చుక్కలు వదిలి, నాకు మూడు మాటలు చెప్పాడు. "బేటా, ఖాళీ కడుపుతో తాగకు. ఒంటరిగా ఉండకు. ఏమీ కాలేదని రెండో గ్లాసు అడగకు."

మూడో మాటలో ఎంత శాస్త్రం ఉందో చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. ఇందులోని మత్తు పదార్థం నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. అందుకే పాలు, బాదం. పొగలా ఊపిరితిత్తుల ద్వారా కాక కడుపు ద్వారా వెళ్ళినప్పుడు, కాలేయం దాన్ని మరింత బలమైన రూపంలోకి మారుస్తుంది. అందుకు గంటా రెండు గంటలు పడుతుంది. ఈలోపు తొందరపడి మళ్ళీ తాగినవాళ్ళే భయంతో వణికిపోతారు.

గంటన్నర గడిచాక కాలం సాగడం మొదలైంది. కింద వీధిలో ఒక తోపుడుబండి వెళుతోంది. దాని చక్రం కిర్రుమన్న చప్పుడుకూ, తరువాతి చప్పుడుకూ నడుమ ఒక మధ్యాహ్నమంతటి విరామం. ఆ విరామంలో వినేవాడు లేడు. వినడం మాత్రమే ఉంది. నా పేరు, నా పద్దులు, అప్పులు, చెల్లెలి పెళ్ళి దిగులు, ఏవీ నావిగా తోచలేదు. భయం వేయలేదు. ఎవరికి వేయాలి? వేదాంత గ్రంథాలలో చదివి, అర్థమైనట్లు తలూపిన మాటలన్నీ ఒక్కసారిగా ఎదుటికి వచ్చి నిలిచినట్లయింది. గోడగడియారంలో చూస్తే నలభై నిమిషాలే గడిచాయి. ఆ పైన విపరీతమైన ఆకలి, కారణంలేని నవ్వు, పన్నెండు పూరీలు, గాఢనిద్ర.

మరునాడు ఇంటికి వెళ్ళి నాన్నగారికి చెప్పాను. ఇది చెప్పడం అంత సులభమేమీ కాలేదు. ఆయన ముప్ఫై ఏళ్ళుగా ప్రతి తెల్లవారుజామునా ఒక పాత పీట మీద కళ్ళు మూసుకొని కూర్చునేవారు. ఏం కనిపించిందో ఎన్నడూ చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళ నిష్ఠకు దొరకనిది నాకు గ్లాసెడు పాలలో దొరికిందంటే ఆయన ఏమనుకుంటారు? అసలు నాకు దొరికినది అదేనా?

నాన్నగారు కోప్పడలేదు. "ఎంతసేపురా?" అని అడిగారు. చెప్పాను. కాసేపాగి, "నాకెప్పుడూ అలాంటిది రాలేదు" అన్నారు. ఆ గొంతులో ఈర్ష్యగాని, చిన్నబోవడంగాని లేవు. మరునాడు తెల్లవారుజామున ఎప్పటిలాగే వెళ్ళి పీట మీద కూర్చున్నారు.

ఆ ప్రశ్న నన్ను పుస్తకాల వెంట తిప్పింది. ఋగ్వేదం తొమ్మిదో మండలమంతా సోముడి స్తుతే. ఆ సోమం ఏ మొక్కో నేటికీ తేలలేదు. 1968లో గార్డన్ వాసన్ అది ఎర్రటోపీ పుట్టగొడుగన్నాడు, కొందరు ఎఫెడ్రా అన్నారు. పతంజలి తన నాలుగో పాదం మొదట్లోనే సిద్ధులకు అయిదు మార్గాలు చెబుతూ, జన్మ తరువాత ఓషధినే పేర్కొన్నాడు. సమాధి చివరన ఉంది. ఆంగ్లేయ ప్రభుత్వం 1893లో వేసిన కమిషను వెయ్యిమందికి పైగా సాక్షులను విచారించి, మరుసటి ఏడు ఏడు సంపుటాల నివేదిక ఇచ్చింది. మితంగా వాడితే పెద్దగా హాని లేదనీ, మితిమీరితే ఉందనీ దాని సారాంశం. 1992లో మన మెదడే తయారుచేసుకునే, గంజాయిని పోలి పనిచేసే ఒక పదార్థాన్ని కనుగొన్న శాస్త్రజ్ఞులు, దానికి సంస్కృతంలోని "ఆనందం" నుంచే ఆనందమైడ్ అని పేరు పెట్టారు.

అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ముప్ఫై ఆరుగురికి పుట్టగొడుగుల సారమైన సైలోసిబిన్ ఇచ్చి చూసిన ఫలితాలు 2006లో వెలువడ్డాయి. దాదాపు మూడింట రెండువంతుల మంది దాన్ని తమ జీవితంలోని అత్యంత అర్థవంతమైన అనుభవాల్లో చేర్చారు. అక్కడా ముందుగా సన్నద్ధం చేయడం ఉంది, పక్కన కనిపెట్టుకొని ఉండే మనిషి ఉన్నాడు, కొలత ఉంది. మా మహారాజ్ ఆ విశ్వవిద్యాలయం పేరు వినలేదు గాని, ఆ నియమాలు ఆయనకు తెలుసు.

అనుభవం రసాయనం వల్ల కలిగింది గనుక అబద్ధమనే వాదం నాకు రుచించదు. నాన్నగారి ప్రశాంతత కూడా ఏదో ఒక రసాయనం మీదుగానే నడిచి ఉంటుంది. నన్ను నిలదీసినది వేరే సంగతి. నలభై నిమిషాలపాటు "నేను" లేకుండా ఉన్నవాణ్ణి, వారం తిరగకుండానే హమాలీ కూలి దగ్గర అర్ధరూపాయి కోసం వాదించాను. ఆకు నాకొక చోటు చూపించింది. అక్కడ ఉండడం నేర్పలేదు. మా గద్దీకి ఎంతో దూరం లేని ధూల్‌పేటలో గంజాయి పొట్లాల వెంట పడి చదువులు మానేసిన పిల్లల్ని కూడా చూశాను. వాళ్ళకు సన్నికల్లుకు కాపలా కాసే మహారాజ్ లేడు, ఏడాదికి ఒకే హోళీ అన్న కట్టడీ లేదు.

నాన్నగారికి ఏ దర్శనమూ కాలేదు. అయినా ఆయన ఎవరితోనూ అర్ధరూపాయికి వాదించగా నేను చూడలేదు. అమ్మ మూడేళ్ళు మంచాన పడితే, విసుగన్నది లేకుండా అన్నం తినిపించారు. ప్రతిఫలంగా ఏదో కనబడాలని ఆయన పీట మీద కూర్చోలేదని అప్పుడు అర్థమైంది.

ఆయన 2009లో పోయారు. పీట నా దగ్గర ఉంది. కొన్ని తెల్లవారుజాముల్లో దానిమీద కూర్చుంటాను. మోకాళ్ళు నొప్పెడతాయి, పాలవాడి గంట వినబడుతుంది, మనసు పద్దుల చుట్టూ తిరుగుతుంది. అనంతం మాత్రం మళ్ళీ కనబడలేదు. ఈ మధ్య దానికోసం ఎదురుచూడడం కూడా కొంచెం తగ్గింది.