తాత చుట్టకి ఫోన్‌లో ఇంకో పేరు

మార్చిలో సత్తెనపల్లి బస్సు దిగితే ముందు పలకరించేది మిర్చి ఘాటే. ఊరు దాటగానే కల్లాల నిండా ఎర్రగా ఆరబోసిన కాయలు. రెండు తుమ్ములు తుమ్మితే మన ఊరొచ్చేసినట్టే.

ఇంటికెళ్లేసరికి తాత అరుగు మీద కూర్చుని చుట్టని వేళ్ల మధ్య తిప్పుతున్నాడు. వెలిగించలేదు. నోట్లో తెల్లమచ్చ చూసి డాక్టర్ మానెయ్యమన్నాడు. మూడు నెలలుగా వాసన చూసి పక్కన పెట్టడమే.

ఫోన్‌లో సన్నగా, పొడుగ్గా ఉన్న సిగార్ ఫొటో చూపించా.

"దీన్ని పనటెలా అంటారు తాతా. స్పానిష్ పేరు."

"అంటే ఏందిరా?"

"పొడుగాటి సన్న బిస్కెట్. స్పానిష్‌లో పాన్ అంటే రొట్టె. మన పావ్‌భాజీలో పావ్ ఉందే, అదీ ఆ కుటుంబమే. పోర్చుగీసు వాళ్ల నుంచి వచ్చింది."

"పొగతాగేదానికి తిండి పేరా!" అని నవ్వాడు.

ఇంకా చెప్పా. కొరోనా అంటే కిరీటం. కులెబ్రా అంటే పాము. మూడు సిగార్లని జడలా మెలేసి కట్టేది అదే.

"మనకంత వేషం లేదురా. చుడతాం కాబట్టి చుట్ట," అన్నాడు.

నిజమే. వాళ్లు ఆకారం చూసి పేరు పెడితే, మనం చేతిపని చూసి పెట్టాం. తమిళంలో సురుట్టు అన్నా చుట్టిందనే. ఇంగ్లీషు వాళ్ల చెరూట్ ఆ మాట నుంచే పుట్టింది. అంటే పేర్లు అటు నుంచి ఇటే కాదు, ఇటు నుంచి అటూ వెళ్లాయి.

అసలు పొగాకు, మిరప రెండూ అమెరికా ఖండం మొక్కలే. 1492లో కొలంబస్ అక్కడ అడుగుపెట్టాకే బయటి లోకానికి తెలిశాయి. పోర్చుగీసు ఓడల్లో మన వైపు వచ్చాయి. మనవాళ్లు మాత్రం సొంత పేర్లే పెట్టుకున్నారు. పొగనిచ్చే ఆకు పొగాకు, మిరియంలా మండే కాయ మిరపకాయ. ఇప్పుడు 1976లో పెట్టిన పొగాకు బోర్డుకి ఆఫీసు గుంటూరులోనే!

సాయంత్రం బయల్దేరుతుంటే తాత ఆ చుట్ట నా చేతిలో పెట్టాడు.

"తీసుకుపో. తాగమాక. దాని పేరెందుకొచ్చిందో రాసిపెట్టు."

గుమ్మంలో నిలబడ్డ నాయనమ్మ, ఇంకోటి దాచాడేమోనని ఆయన జేబు తడిమింది.