మా ఇంటి ప్రియదర్శిని

మా సంఘం కార్యదర్శిగారు నన్నొక సినిమా వ్యాసం వ్రాయమన్నారు. "మీరెలాగూ రాకెట్లూ, మరమనుషులూ వచ్చే బొమ్మలే చూస్తారు గదా, ఆ గొడవే వ్రాయండి" అన్నారు. మెచ్చుకొన్నారో, దెప్పారో ఇంతవరకు బోధపడలేదు. డెబ్బయ్యేళ్ళు నిండిన మనిషికి ఇదేం పిచ్చి అని మా ఇంట్లోనే అంటారు, బైటివాళ్ళను అనుకొని ఏం లాభం?

ఈ పిచ్చి నాకు ఎనిమిదో ఏట అంటుకొంది. 1963లో "కలై అరసి" అనే తమిళ బొమ్మ వచ్చింది. వేరే గ్రహం వాళ్ళకు అన్ని విద్యలూ వచ్చునట, సంగీతం ఒక్కటే రాదట. ఆ లోటు తీర్చుకోవడానికి భూలోకం నుంచి మన భానుమతిగారిని ఎత్తుకుపోతారు. ఆ ఎత్తుకుపోయిన వాడి తెలివిని నేనప్పుడే మెచ్చుకొన్నాను. ఆ గొంతు విన్నవాడెవడైనా ఆ పనే చేస్తాడు. తరువాత కాస్త ఎదిగాక మూరు మార్కెట్టు దొరికింది. గోవిందప్ప నాయకుని వీధిలోని మా ఇంటి నుంచి నడిచే పోవచ్చు. 1985లో తగలబడిపోయేదాకా పాత పుస్తకాలకు అది కాశీక్షేత్రం. ఎచ్.జి. వెల్సు 1895లో వ్రాసిన కాలయంత్రం కథను అక్కడే, అట్ట లేని ప్రతిని, ముప్పావలాకు కొన్నాను. ఇంగ్లీషు సగమే అర్థమయింది. నన్ను పట్టుకొన్నది అర్థం కాని సగం.

ఇక అసలు సంగతి. 2025 ఏప్రిల్‌లో "ఆదిత్య 369"ను శుభ్రంచేసి మళ్ళీ థియేటర్లకు వదిలారు. ఆ కబురు చెప్పడానికి హైదరాబాదు నుంచి మా మనవడు ఫోను చేసి, "తెలుగులో మొదటి సైన్సు సినిమా ఇదేనట గదా, తాతయ్యా?" అన్నాడు.

"కాదురా, మాయాబజార్" అన్నాను.

"అది పురాణం కదా!"

"ఏ పురాణంలో ఉందిరా ప్రియదర్శిని? భారతంలో శశిరేఖే లేదు. ఇంక ఆవిడ పెట్టె ఎక్కడి నుంచి వస్తుంది?"

వాడు నవ్వి ఊరుకొన్నాడు. నేను ఊరుకోలేకపోయాను. మాయాబజార్ విడుదలైంది 1957 మార్చి 27న. రష్యావాళ్ళ స్పుత్నిక్ ఆకాశానికి ఎగిరింది ఆ ఏడే అక్టోబరులో. ఢిల్లీలో టెలివిజను 1959లో మొదలైతే, మన మద్రాసుకు 1975 ఆగస్టు 15న గాని రాలేదు. అంటే మన ఊళ్ళో పెట్టెలో బొమ్మ కనిపించడానికి పద్ధెనిమిదేళ్ళ ముందే, ఈ ఊళ్ళోనే, వడపళనిలో, కె.వి. రెడ్డిగారు పెట్టె తెరిపించి అభిమన్యుణ్ణి చూపించారు. కెమెరా పట్టిన మార్కస్ బార్ట్‌లీ చేతి చలవ అది.

ఈ మాట అనగానే "చూశారా, మన పూర్వులకు టెలివిజను తెలుసు" అనే పెద్దలు మన సంఘంలోనే నలుగురైదుగురున్నారు. నాకు వాళ్ళతో పేచీ. పూర్వులకు ఏం తెలుసో నేను చెప్పలేను గాని, లండనులో మాత్రం 1936 నుంచే టెలివిజను ఉంది. పెట్టెలో బొమ్మ అనేది 1957 నాటికి అంత కొత్త ఊహేమీ కాదు. మనవాళ్ళు చేసిన కొత్త పని వేరు. లండను పెట్టె వాళ్ళు పంపిన బొమ్మను చూపిస్తుంది. ప్రియదర్శిని, చూసేవాళ్ళ మనసులో ఎవరుంటే వాళ్ళను చూపిస్తుంది. శశిరేఖ తెరిస్తే అభిమన్యుడు. బలరాముడు తెరిస్తే దుర్యోధనుడు! తమ్ముడు కృష్ణుడు పక్కనే ఉన్నాడు, అయినా సరే దుర్యోధనుడే. చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకొని తంగసాల వీధి దాటుకొని ఈ బొమ్మకు ఎన్నిసార్లు పోయానో లెక్క లేదు. పోయినప్పుడల్లా అక్కడ పడీపడీ నవ్వేవాణ్ణి.

ఆ సినిమాకు కె.వి. రెడ్డిగారి దగ్గర సహాయకుడుగా పనిచేసిన కుర్రవాడే సింగీతం శ్రీనివాసరావుగారు. 1991లో ఆదిత్య 369 తీసింది ఆయనే. 2024లో "కల్కి 2898" వచ్చినప్పుడు ఆ కుర్ర దర్శకుడు నాగ్ అశ్విన్‌కు సలహా చెప్పిన పెద్దదిక్కూ ఆయనే, తొంభై దాటిన వయస్సులో. ప్రియదర్శిని నుంచి కల్కి దాకా ఒక్క మనిషి నడిచివచ్చాడంటే అదే పెద్ద కాలయంత్రం. ఆదిత్యలో యంత్రం 1526కు పోయి రాయలవారి కొలువులో దిగుతుంది, తెనాలి రామకృష్ణుడూ అక్కడే. ఆ భాగం ఎన్నిసార్లైనా చూస్తాను. తరువాత 2504కు పోతుంది. అక్కడ నాకు తెలిసినవాళ్ళెవరూ లేరు, కాబట్టి ఆవులింతలు వస్తాయి. కల్కిలో నాకు నచ్చినది యుద్ధాలు కాదు, ఆ బండి. కోయంబత్తూరులో నిజంగానే తయారుచేశారు, ఆరు టన్నుల బరువు. దాని పేరేమో బుజ్జి! కొండంత యంత్రానికి ఆ పేరు పెట్టడం తెలుగువాడికి తప్ప సాధ్యం కాదు.

నా కొలత ఒకటే. ఆ యంత్రం మన ఇంట్లోకి వస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే అది మంచి సైన్సు కథ. మా ఇంట్లోకి వచ్చిన ప్రియదర్శిని సంగతి చెబుతాను.

మా అన్నయ్య 1979లో అమెరికా వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. అమ్మ నా దగ్గర ఉండేది. 2020లో రాకపోకలు ఆగిపోయాక రోజూ సాయంకాలం ఆరు గంటలకు ఫోనులో అన్నయ్య ముఖం చూపించేవాణ్ణి. అమ్మకు అప్పటికి ఎనభై ఏడు. మతిమరుపు మొదలైంది. మందు వేసేదీ, స్నానం చేయించేదీ మేము. ఆమె గుర్తుపట్టేది మాత్రం ఫోనులోని పెద్దవాణ్ణి. నన్ను చూసి "ఎవరు నాయనా, ఎవరి తాలూకు?" అనేది. ఫోను ఆర్పేసిన తరువాత కూడా ఆ నల్ల అద్దాన్ని ఒళ్ళో పెట్టుకొని, "అదుగో పెద్దాడు" అని నిమిరేది. నవ్వి ఊరుకొనేవాణ్ణి. రాత్రి పడుకొన్నాక బలరాముడు గుర్తుకు వచ్చేవాడు. చిన్నప్పుడు నవ్విన నవ్వంతా నా మీదికే తిరిగివచ్చింది. ఈ మాట మా ఆవిడకు కూడా చెప్పలేదు. తల్లి మీద అలుగుతారా ఎవరైనా, మనవలున్న వయస్సులో?

2022లో అమ్మ పోయింది. పోవడానికి రెండు నెలల ముందు ఒక సాయంకాలం, మామూలుగా అన్నయ్యను చూపించాను. అమ్మ ఫోను ముఖానికి దగ్గరగా పట్టుకొని, గొంతు తగ్గించి, "ఒరేయ్ పెద్దాడా, చిన్నాడు సినిమాకు పోయి ఇంకా రాలేదురా. చీకటి పడింది. కొత్వాలు చావడి బళ్ళ మధ్య ఎక్కడ చిక్కుకొన్నాడో. కాస్త వెళ్ళి చూసి రారా, వాడికి అన్నం తీసిపెట్టాను" అంది.

కొత్వాలు చావడి మార్కెట్టు కోయంబేడుకు పోయి అప్పటికే పాతికేళ్ళయింది. డల్లాసులో అన్నయ్య నోరు తెరిచి, ఏమనాలో తెలియక నా వైపు చూశాడు. నేను లేచి వాకిట్లోకి పోయి, కాసేపు నిలబడి, చెప్పులు చప్పుడు చేసుకొంటూ లోపలికి వచ్చాను.

"వచ్చానమ్మా" అన్నాను.

"మొదట కాళ్ళు కడుక్కో" అంది.